చర్చిగంట వినిపించే మేర: ఫిలిప్పీన్సు ఊరి పండుగలు



ఒక దేశాన్ని జయించినవాడు తన దేవుణ్ణి కూడా వెంట తెచ్చినప్పుడు, ఆ దేవుని పండుగ ఎవరిదవుతుంది? తెచ్చినవానిదా, చేసుకొనేవానిదా? ఈ ప్రశ్నకు ఫిలిప్పీన్సు దీవుల చరిత్రలో ఆలోచింపదగిన సమాధానమున్నది. అక్కడ ఇంచుమించు ప్రతి ఊరికీ ఒక రక్షక పునీతుడుంటాడు. ఆయన పేర ఏటేటా జరిగే ఉత్సవమే ‘ఫియెస్టా’. మాట స్పానిషువారిదే.

వారు వచ్చేనాటికి అక్కడి జనం ‘బరంగాయ్’ అనే చిన్న పల్లెలుగా నదుల వెంట, సముద్రతీరాల వెంట చెదరి ఉండేవారు. చెదరినవారిచేత పన్ను కట్టించడమూ, వారికి మతం బోధించడమూ కష్టమే. అందుచేత చర్చి చుట్టూ ఊళ్ళు కట్టించి, గంట వినిపించే మేరలో జనాన్ని నిలుపజూచారు. జనం పొలాలు విడిచి అంత సులువుగా రాలేదు. అట్టివారిని కొన్ని దినాలైనా ఊరికి రప్పించినవి పండుగనాటి ఊరేగింపు, సంగీతం, విందు. అంటే మొదట పండుగ పాలకుల పనిముట్టు.

మరి అది ప్రజలదెట్లా అయినది? సెబూ కథ చూడండి. 1521 ఏప్రిల్ 14న అక్కడి రాజు హుమబోన్, ఆయన రాణి జ్ఞానస్నానం పొందారు. అప్పుడు మాగెల్లన్ బృందం రాణికి బాలయేసు ప్రతిమను కానుకగా ఇచ్చినది. పదమూడు దినాలకే, ఏప్రిల్ 27న, మక్తాన్ పోరులో లాపులాపు మనుషుల చేతిలో మాగెల్లన్ హతుడైనాడు. మళ్ళీ 1565లో లెగాస్పి సేన వచ్చి ఊరు తగులబెట్టినప్పుడు, ఒక ఇంట ఆ ప్రతిమ భద్రంగా దొరికినది. నడుమ 44 ఏండ్లు! పూజారి లేడు, చర్చి లేదు, ఆజ్ఞాపించేవాడు లేడు. అయినా సెబూవాసులు దానిని పారవేయలేదు. తెచ్చినవాని దేవుడు అప్పటికే ఇంటి దేవుడైనాడని నా భావన. నేడు జనవరి మూడవ ఆదివారాన జరిగే ‘సినులోగ్’ ఆయన పండుగే. రెండడుగులు ముందుకు, ఒకటి వెనుకకు వేసే ఆ నాట్యానికి పేరు నీటి ప్రవాహాన్ని తెలిపే ‘సులోగ్’ అనే స్థానిక పదం నుండి వచ్చినది.

లుక్బాన్ ఊరిలో మే 15న ‘పాహియాస్’. కర్షకుల పునీతుడైన ఇసిద్రోకు కృతజ్ఞతగా వరికంకులు, కూరగాయలు, పండ్లతో ఇండ్ల ముంగిళ్ళు కప్పివేస్తారు. వరిపిండిని రంగు కలిపి ఆకులపై పలుచగా పూసి, ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి ‘కిపింగ్’ అనే పలుచని అప్పడాలు చేస్తారు. అవి అచ్చముగా ఆకు ఈనెలతో సహా వస్తాయి. వాటినే గుత్తులు గుత్తులుగా వ్రేలాడదీస్తారు.

పునీతుడు లేని పండుగ కూడా పుట్టినది. 1980లో చక్కెర ధర పడిపోయి బకోలోద్ పట్టణం కష్టాలలో ఉండగా, ఏప్రిల్ 22న ‘డాన్ హువాన్’ అనే ఓడ మునిగి ఆ ప్రాంతంవారెందరో మరణించారు. ఆ ఏడే నవ్వుముఖాల తొడుగులతో ‘మస్కరా’ ఉత్సవం మొదలుపెట్టారు. జనసమూహమని అర్థమిచ్చే ఇంగ్లీషు ‘మాస్’, ముఖమని అర్థమిచ్చే స్పానిషు ‘కారా’ కలిసిన పేరిది. అన్నట్లు తగాలోగు భాషలో ముఖాన్ని ‘ముఖా’ అనే అంటారు, ఉపాధ్యాయుణ్ణి ‘గురో’ అంటారు. రెండూ సంస్కృతం నుండి పోయినవే!

ఈ పండుగలకు చీకటి పార్శ్వమూ కలదు. అతిథి ఎవరైనా విందు పెట్టాలనే మర్యాద, అప్పు చేసి పప్పుకూడు తినే స్థితికి బీదవారిని నెట్టగలదు. హోసె రిజాల్ 1887లో వెలువరించిన ‘నోలి మీ తాంగెరె’ నవలలో ఊరి పండుగ దుబారాను ఎత్తిపొడిచాడు. ఆ విమర్శ న్యాయమే. అయినా, పాలకులు మారినా, స్పానిషువారు 1898లో వెళ్ళిపోయినా, పండుగ మాత్రం పోలేదు. ఆజ్ఞ లేని చోట కూడా నిలిచినదానిని పరాయిదని ఎట్లనగలము?

వైద్యవిద్యకై మన తెలుగు పిల్లలెందరో ఆ దేశానికి వెళ్ళారు. వారిలో ఎవరైనా ఈ ఉత్సవాలను కన్నులారా చూసి ఉంటే, చూసినది వ్రాయవలెనని నా కోరిక.