హేవలాక్ వంతెన, లివర్‌పూల్ రేవు – ఒక గుమాస్తా లెక్క



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటె బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. 1971లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2008లో రిటైరయ్యేవరకు నేను మోసినవన్నీ ఎస్టిమేట్ల ఫైళ్లే. కాబట్టి మన రాజమండ్రి గోదావరి గట్టుకు డబ్బు ఎలా వచ్చింది, ఎన్నాళ్లు రాలేదు అన్న చరిత్ర రాస్తాను. ఓపికగా చదవ ప్రార్థన.

ఇది రాయాలనే బుద్ధి పుట్టించినవాడు మా పెద్ద మనవడు. ఇంగ్లండులో చదువుకుంటున్నాడు. 2025 ఆగస్టులో లివర్‌పూల్ వెళ్లి, అక్కడ నది ఒడ్డున కొత్తగా కట్టిన ఫుట్‌బాల్ స్టేడియం ఫోటోలు ఫోనులో పంపించాడు. "తాతయ్యా, పాత రేవు పూడ్చి కట్టారు. మన గట్టు మీద ఇలాంటిది కడితే ఎలా ఉంటుంది?" అని అడిగాడు. నాకు ఫుట్‌బాల్ సంగతి తెలియదు. కాని ఆ రేవు ఎప్పటిదని అడిగితే 1848 అన్నాడు. అప్పుడు లేచి కూర్చున్నాను. ఆ ఏడాది మన ధవళేశ్వరంలో కాటన్ దొరగారు ఆనకట్ట పనిలో ఉన్నారు. 1847లో మొదలైన ఆ పని 1852లో పూర్తయింది. అక్కడ బొగ్గు ఎగుమతికి రేవు, ఇక్కడ పంటకు ఆనకట్ట. రెండూ ఒకే కాలపు రాతి పనులన్నమాట.

మన గట్టు మీద ఆ తరువాత వచ్చిన పెద్ద కట్టడం హేవలాక్ వంతెన. అది లేనప్పుడు మద్రాసు నుంచి వచ్చే దారి కొవ్వూరులో ఆగేది, కలకత్తా వైపు దారి రాజమండ్రిలో మొదలయ్యేది. మధ్యలో ఏరు దాటడానికి పడవలు, స్టీమర్లే గతి. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైలు నడిపారు. గ్రాన్‌విల్ వాల్టన్ అనే ఇంజనీరు దీనికి పెద్ద. కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన అనుభవం ఉన్నవాడు. ఒక్కొక్కటి 150 అడుగులున్న 56 స్పాన్లు, రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. మూడేళ్లలో గోదావరి మీద అంత వంతెన! మా ఆఫీసులో మూడేళ్లకు ఒక కల్వర్టు ఫైలు సర్కిలు ఆఫీసుకు వెళ్లి తిరిగి వచ్చేది కాదు.

నా చిన్నతనంలో ఆ వంతెన మీద రైలెక్కితే పెద్దవాళ్లు ముందే కొంగున చిల్లర మూటకట్టుకునేవారు. స్తంభాల చప్పుడు మారగానే కిటికీలోంచి గోదారమ్మకు డబ్బులు విసిరేవారు. కొన్ని గర్డరుకు తగిలి టంగుమని మోగి మళ్లీ లోపలికే వచ్చి పడేవి. మా నాయనమ్మ అది అపశకునమని, ఇంకో కానీ తీసి వేసేది. 1974లో రోడ్డూ రైలూ కలిసిన రెండో వంతెన వచ్చింది. 1997లో కాంక్రీటు ఆర్చీల మూడో వంతెన రాగానే, నూరేళ్ల వయసులో హేవలాక్ వంతెన రిటైరయింది. మనలాగే. తేడా ఏమిటంటే దానికి పెన్షను శాంక్షను కాలేదు.

ఇక్కడినుంచి నా సబ్జెక్టు. వాడకంలో లేని కట్టడానికి ప్రభుత్వ లెక్కల్లో చోటు ఉండదు. రైళ్లు నడిస్తే మెయింటెనెన్సు పద్దు ఉంటుంది. నడవకపోతే మిగిలేది తుక్కు విలువ. ఇనుము టన్నుల్లో తూచి వేలం వేస్తారనే మాట ఊళ్లో చాలాసార్లు వినబడింది. కూడదని ఊరివాళ్లు అడ్డుపడ్డారు. దాని మీద నడకదారి వేస్తామని, అంగళ్లు పెడతామని, పర్యాటక కేంద్రం చేస్తామని ప్రభుత్వాలు మారినప్పుడల్లా ప్రకటనలు వచ్చాయి. ఫైలు భాషలో చెప్పాలంటే అడ్మినిస్ట్రేటివ్ ఉత్సాహం ఉంది, బడ్జెట్ ప్రొవిజను లేదు. ఇలా పాతికేళ్లకు పైగా గడిచింది.

చివరకు 2024 నవంబరులో కేంద్ర పర్యాటక శాఖ 23 రాష్ట్రాల్లో 40 ప్రాజెక్టులకు దాదాపు 3,295 కోట్లు మంజూరు చేసినప్పుడు, అందులో మన రాష్ట్రానికి రెండు వచ్చాయి. ఒకటి గండికోట, రెండోది మన అఖండ గోదావరి. మనదానికి 94.44 కోట్ల రూపాయలు. హేవలాక్ వంతెన, పుష్కరాల రేవు ఇందులో ముఖ్యం. 2025 జూన్ 26న కేంద్రమంత్రి గజేంద్ర సింగ్ షెకావత్, ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు.

మన సభ్యుల్లో కొందరు "కేంద్రం గ్రాంటు ఇచ్చింది" అంటున్నారు. గ్రాంటు కాదండీ. రాష్ట్రాల మూలధన వ్యయానికి కేంద్రం ఇచ్చే ప్రత్యేక సహాయ పథకం కింద ఇచ్చిన అప్పు. వడ్డీ లేదు, గడువు 50 ఏళ్లు. నిధుల విడుదలకు 2026 మార్చి 31 అని, పనులకు రెండేళ్లని షరతులు. మార్చి 31 అంటే మనకు వేరే చెప్పాలా! ఆ రాత్రి ట్రెజరీ వరండాలో బిల్లులు పట్టుకుని నిలబడని గుమాస్తా మనలో ఉన్నాడా? ఇక అప్పు తీరే నాటికి ఇంచుమించు 2075 అవుతుంది. మా మనవడి మనవడు అప్పటికి బడికి వెళుతుంటాడేమో. వడ్డీ లేని అప్పు మంచిదే, నేను కాదనను. రూపాయి విలువ యాభై ఏళ్లలో ఎంత కరిగిపోతుందో 1971లో 200 చిల్లర జీతం తీసుకున్నవాడికి తెలుసు. కాని అప్పుతో కట్టిన దానికి ప్రతి ఏటా రంగులు, దీపాలు, ఊడ్చేవాళ్ల జీతాలు ఏ పద్దులోంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న. ఆ కాలం చాలా ఎస్టిమేట్లలో ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు లివర్‌పూల్ లెక్క చూడండి. అక్కడి ఎవర్టన్ అనే క్లబ్బు 1892 నుంచి గూడిసన్ పార్కు అనే పాత మైదానంలో ఆడుతూ వచ్చింది. కొత్త స్టేడియానికి బ్రామ్లీ మూర్ రేవు అనే చోటు ఎంచుకున్నారు. డబ్బు కోసం ముందు ఊరి కౌన్సిలును అడిగారు. 28 కోట్ల పౌండ్లు కౌన్సిలే తక్కువ వడ్డీకి తెచ్చి, క్లబ్బుకు ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఏర్పాటు కొన్నాళ్లు నడిచింది. మునిసిపాలిటీ షావుకారు పని చేయడమన్నమాట. ఆ ఏర్పాటు తుదకు జరగలేదు. యజమాని సొంత డబ్బు, బయటి అప్పులతో కట్టారు. 50 కోట్ల పౌండ్లనుకున్నది 75 కోట్లు దాటిందని పత్రికలు రాశాయి. రివైజ్డ్ ఎస్టిమేటు మన దేశపు రోగం మాత్రమే కాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది. మధ్యలో ఖర్చుల నిబంధనలు మీరినందుకు ఆ క్లబ్బుకు 2023–24లో పాయింట్లు కోసేశారు. స్టేడియం అప్పుల వడ్డీని ఏ పద్దులో చూపాలన్నది కూడా ఆ తగాదాలో ఒక భాగం. పద్దు తప్పితే ఆటలోనే ఓడగొట్టే ఆడిట్ ఇదొక్కటే కాబోలు! 2024 డిసెంబరులో క్లబ్బే ఒక అమెరికా కంపెనీ చేతికి మారింది.

చరిత్ర సంగతి మరీ ఇబ్బంది. లివర్‌పూల్ రేవులు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. స్టేడియానికి 2021 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. ఆ జులైలో యునెస్కో ఆ ఊరిని జాబితాలోంచి తీసేసింది. ఇతర కొత్త భవనాలతో పాటు స్టేడియం కూడా ఒక కారణం. సముద్రం అడుగునుంచి తోడిన ఇసుకతో రేవు నింపారు. అయితే పాత రాతి గోడలు, నీటి ఒత్తిడి యంత్రాల గోపురం ఉంచారు. 52 వేల మందికి పైగా పట్టే ఆ కట్టడంలో 2025 ఆగస్టు 24న మొదటి లీగు ఆట జరిగింది. పాడుబడిన పేటకు ప్రాణం వచ్చిందనేవారు ఉన్నారు, రేవు పోయిందనేవారు ఉన్నారు. మా మనవడు మొదటి పక్షం. నేను ఆ నీళ్లు చూడలేదు గనుక ఏ పక్షమూ కాదు.

మన గట్టు మీద స్టేడియం కడితే ఎలా ఉంటుందన్న వాడి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పగలను. వద్దురా అన్నాను. అక్కడ రేవులోకి నీటిని గేట్లతో ఆపగలరు. ఇక్కడ ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయినప్పుడు రాత్రింబవళ్లు ఆఫీసులోనే ఉన్నాను. ఆ నీళ్లు చూసినవాడెవడూ గట్టు లోపల కుర్చీలు వేయమనడు.

ఇంకో సంగతి ఉంది. అది వాడికి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

1991 పుష్కరాల ముందు ఒక రేవుకు మెట్ల ఎస్టిమేటు మా సెక్షనుకు వచ్చింది. ఏ రేవో, ఏ ఆఫీసో అనవసరం. దిగడానికి ఒక దారి, స్నానం చేసి వేరే పక్కనుంచి ఎక్కిపోవడానికి ఇంకొక దారి గీశారు. డబ్బు చాలదని రెండోది కొట్టేశారు. "ఎక్కే దారి, దిగే దారి ఒకటే చాలును" అని నోటు పైనుంచి వచ్చింది. శుద్ధప్రతి టైపు చేసింది నేను. ఆ ఏడు ఆ రేవులో ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఆ కాగితం మరచిపోయాను.

2015 జులై 14, పుష్కరాల మొదటి రోజు ఉదయం. రాజమండ్రి పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. మా ఇంట్లో టి.వి. ముందు అందరం కూర్చున్నాం. నాకు ఆ టైపు కాగితమే కళ్లముందు నిలిచింది. ఈ రేవుకూ ఆ కాగితానికీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ రోజు అన్నం తినలేకపోయాను.

ఆ లివర్‌పూల్ ఊరివాళ్లకూ ఇలాంటి గాయం ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో, లివర్‌పూల్ క్లబ్బు ఆట చూడబోయిన జనం కంచెల మధ్య నలిగి 97 మంది మరణించారు. ఆ తరువాత విచారణ జరిపిన జడ్జి టేలర్ నివేదిక వల్ల పెద్ద స్టేడియాలన్నిటిలో నిలబడే చోట్లు తీసేసి కుర్చీలు వేశారు, కంచెలు తొలగించారు. నేడు అక్కడ ఎవరు కొత్త మైదానం కట్టినా జనం ఎన్ని నిమిషాల్లో బయటపడగలరన్నది లెక్కగట్టి చూపాలి.

2027లో మనకు మళ్లీ పుష్కరాలు. హేవలాక్ వంతెనకు రంగులు, దీపాలు వచ్చినా, పుష్కరాల రేవుకు కొత్త హంగులు వచ్చినా సంతోషమే. కాళ్లు సహకరిస్తే మొదటి సాయంత్రం నేనూ వెళతాను. మన సభ్యుల్లో సంబంధిత ఆఫీసుల్లో పరిచయాలున్నవారు ప్లాను కాగితం చూడగలిగితే ఒక్క గీత వెతకండి. స్నానం చేసినవాడు ఏ దారిన ఎక్కుతాడో ఆ గీత. అది ఉంటే నాకు ఒక కార్డు ముక్క రాయండి. లేకపోతే వెంటనే ఫోను చేయండి, మన సంఘం తరఫున అర్జీ నేనే రాస్తాను. టైపు ఇప్పటికీ వచ్చును.