నల్లని ఇసుక – తెల్లని లేపము

విశాఖపట్టణమునకు నైరృతి దిశలో, అచ్యుతాపురము మండలమున, సముద్రపుటొడ్డున పూడిమడక అను మత్స్యకారుల గ్రామము కలదు. మొదట విశాఖపట్టణము జిల్లాలో నుండిన ఈ గ్రామము 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. దీని అక్షాంశము సుమారు పదిహేడున్నర డిగ్రీలు. కావున ఏటా రెండుసార్లు, మే రెండవ వారములోను ఆగస్టు మొదటి వారములోను, మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ క్షణమున నిలువుగా పాతిన కర్రకు నీడయే ఉండదు. పడవ మీద వల లాగువారు, ఇసుక మీద చేపలు ఎండబెట్టు స్త్రీలు, బడి ఆవరణలో వరుస కట్టి నిలుచు పిల్లలు, అందరును ఈ ఎండ క్రిందనే బ్రదుకుచున్నారు.

ఎండ నుండి ముఖమును కాపాడుకొనుటకు నేడు అంగళ్లలో అనేక లేపనములు దొరకుచున్నవి. చర్మము సున్నితముగా నున్నవారు, అనగా ఏది రాసినను మంటయు దురదయు ఎరుపును పుట్టువారు, ‘ప్రకృతిసిద్ధమైన ఖనిజ లేపనము’ వాడవలెనని ప్రకటనలు చెప్పుచుండును. ఆ ఖనిజములు ముఖ్యముగా రెండు: టైటానియం డయాక్సైడు, జింకు ఆక్సైడు. వీనిలో మొదటిదాని మూలధాతువు మన తీరపు ఇసుకలోనే ఉన్నది. అట్లయిన ఆ ప్రకటనలోని ‘ప్రకృతిసిద్ధము’ అను మాటకు ఎంత విలువ ఈయవలెను? ఈ పదార్థముల చరిత్రను పరిశీలించినచో సమాధానము దొరకును.

కనబడని కిరణములు

ఎండలో చర్మము కమలుటకు కారణము వేడియే యని పూర్వులు తలచిరి. 1801లో జర్మనీ దేశమున రిట్టర్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకము గుండా పంపి, రంగుల పట్టీలో ఊదారంగునకు ఆవల, కంటికి చీకటిగా కనబడు చోట వెండి లవణమును ఉంచెను. అచ్చట అది మిగిలిన చోట్ల కంటె త్వరగా నల్లబడెను. ఆ కనబడని కిరణములకే తరువాత అతినీలలోహిత కిరణములని పేరు వచ్చినది.

1820లో ఇంగ్లండు వైద్యుడు ఎవెరార్డ్ హోమ్ తన రెండు చేతులను ఎండలో నుంచి, ఒక చేతిపై నల్లబట్ట కప్పెను. నలుపు వేడిని ఎక్కువగా పీల్చును గనుక బట్ట క్రింది చేయి ఎక్కువ వేడెక్కెను. ఐనను అది కమలలేదు. చల్లగా నున్న రెండవ చేయి బొబ్బలెక్కెను. కమలుటకు కారణము వేడి కాదనియు, వేరొకటి యనియు దీనివలన తేలినది. నల్లని వర్ణము చర్మమునకు రక్షణ యని కూడ ఆయన గ్రహించెను. 1922లో హౌసర్, వాలె అను జర్మను శాస్త్రజ్ఞులు కాంతిని తరంగముల వారీగా విడదీసి చూచి, చర్మమును మిక్కిలి ఎర్రబరచునవి 297 నానోమీటర్ల ప్రాంతపు కిరణములని కొలిచి చెప్పిరి.

నేల మీదికి వచ్చు ఈ కిరణములలో రెండు తరగతులు. సుమారు 290 నుండి 320 నానోమీటర్ల వరకు గలవి ‘బి’ తరగతి; ఇవి చర్మమును కమలించును. 320 నుండి 400 వరకు గలవి ‘ఏ’ తరగతి. ఇవి లోతునకు పోయి నల్లమచ్చలను, అకాలపు ముడుతలను కలిగించును. మన చర్మములోని మెలనిన్ అను వర్ణద్రవ్యము కొంత కాపాడును గాని పూర్తిగా కాపాడజాలదు.

సముద్రము చెరుగు ఇసుక

తూర్పు కనుమలలో ఖొండలైటు, చార్నకైటు అను ప్రాచీన శిలలు విస్తారముగా నున్నవి. ఖొండులు నివసించు కొండలలో విరివిగా దొరకుటచే మొదటిదానికి 1902లో వాకర్ ఆ పేరు పెట్టెను. ఈ శిలలు ఎండకు, వానకు చివికి పొడియగును. ఆ పొడిని ఏరులు సముద్రమునకు చేర్చును. అనకాపల్లి ప్రక్కగా పారి పూడిమడకకు దిగువన కడలిలో కలియు శారదానది అట్టివాటిలో ఒకటి.

ఆపైన పని సముద్రమునిది. మన తల్లులు చేటతో బియ్యము చెరుగునట్లు అలలు ఇసుకను చెరుగును. మామూలు తెల్లయిసుక నీటి కంటె 2.65 రెట్లు బరువు. ఇల్మనైటు అను నల్లని ఖనిజము సుమారు 4.7 రెట్లు. అల వెనుదిరుగునపుడు తేలికవి కొట్టుకొనిపోయి బరువైనవి ఒడ్డుననే నిలుచును. విశాఖ తీరమున అక్కడక్కడ కనబడు నల్లని చారలు ఇట్లు ఏర్పడినవే. వానిలో ఇల్మనైటుతో పాటు ఎర్రని గార్నెట్, జిర్కాన్, రూటైల్, సిలిమనైట్, మోనజైటు గింజలు కూడ ఉండును. సి.వి. రామన్ శిష్యుడును, ఆంధ్ర విశ్వవిద్యాలయములో భూగర్భశాస్త్రాచార్యుడును అయిన సి. మహాదేవన్, ఎ. శ్రీరామదాసుతో కలిసి 1948లో విశాఖపట్టణము జిల్లా తీరపు ఇసుకలోని మోనజైటును గూర్చి పరిశోధన ప్రకటించెను.

మోనజైటులో థోరియం ఉండును. థోరియం రేడియోధార్మిక ధాతువు. అనగా లేపనమునకు మూలమైన నల్లయిసుక పూర్తిగా ప్రకృతిసిద్ధమే. కాని దానిని ఉన్నదున్నట్లు ముఖమునకు పూయుమని ఎవరును చెప్పరు. మనకు మేలు చేయునది ఇసుక కాదు, దాని నుండి శ్రమపడి వేరుచేసిన శుద్ధపదార్థము.

నలుపు తెలుపైన విధము

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అను మతాచార్యుడు ఒక వాగులోని నల్లయిసుకను పరీక్షించి, దానిలో ఇనుముతో పాటు ఎవరికిని తెలియని లోహపు భస్మము కలదని కనుగొనెను. 1795లో బెర్లిను రసాయనికుడు క్లాప్రోత్ రూటైలులో అదే ధాతువును చూచి, గ్రీకు పురాణములలోని టైటానుల పేర టైటానియం అని పిలిచెను.

మన దేశమున ఈ కథ తిరువాన్కూరులో మొదలైనది. అచ్చటి నుండి ఎగుమతియైన కొబ్బరిపీచుకు అంటుకొని వచ్చిన ఇసుకరేణువులను చూచి షాంబర్గ్ అను జర్మను రసాయనికుడు 1909లో మణవాలకురిచి తీరమున మోనజైటును కనుగొనెను. మొదట ఇల్మనైటును అడిగినవారు లేరు. 1916 తరువాత నార్వేలోను, అమెరికాలోను టైటానియంతో తెల్లరంగు చేయు కర్మాగారములు వెలసినందున దానికి గిరాకి పుట్టెను. 1946లో తిరువనంతపురమున ట్రావన్‌కోర్ టైటానియం ప్రొడక్ట్స్ స్థాపింపబడినది. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడినది. దాని కర్మాగారములలో ఒకటి మన పొరుగున, ఒడిశాలోని ఛత్రపురము వద్ద నున్నది.

ఇల్మనైటు అనగా ఇనుము, టైటానియం, ఆమ్లజని కలిసిన పదార్థము. దీనిని గంధకికామ్లములో కరగించి, ఇనుమును అన్నభేది రూపమున తీసివేసి, మిగిలిన ద్రవమును మరిగించినచో తెల్లని మడ్డి దిగును. దానిని కాల్చగా టైటానియం డయాక్సైడు వచ్చును. వజ్రము కంటెను ఎక్కువగా కాంతిని వంచు గుణము దీనికి గలదు. అందువలననే అంత తెలుపు.

తుత్తునాగము, సఫేదా

రెండవ ఖనిజమైన జింకును తెలుగువారు తుత్తునాగమనియు, వైద్యులు యశదమనియు పిలిచిరి. రాజస్థానములోని జావర్ వద్ద ఐరోపా కంటె చాల ముందుగనే తుత్తునాగమును బట్టీపట్టి తీసిరి. విశాఖపట్టణములోను 1977లో తుత్తునాగపు కర్మాగారము ప్రారంభమై చాలకాలము నడచినది, ఇప్పుడది మూతపడినది.

జింకు ఆక్సైడు ఎండలేపనములకు చాల ముందే చర్మవైద్యములో స్థిరపడినది. చెమటకాయలకును, ఆటలమ్మ పొక్కులకును పూయు గులాబిరంగు కాలమైన్ ద్రావణములో ముఖ్యద్రవ్యము అదియే. ఆ రంగు కొంచెము ఇనుప ఆక్సైడు వలన వచ్చినది. పసిపిల్లల ఒరుపునకు పూయు లేపనములోను అదియే ఉండును. చెడిన చర్మము కూడ దీనిని సహించునని తరతరముల అనుభవము చెప్పుచున్నది.

ఐనను ఖనిజములన్నియు ఇట్టివి కావు. సఫేదా అను సీసపు తెలుపు కూడ ఖనిజమే. భూమిలో సహజముగా దొరకును. ఐరోపా స్త్రీలు శతాబ్దముల తరబడి దానిని ముఖమునకు పూసికొని సీసపు విషమునకు లోనైరి. ‘సహజము’, ‘ఖనిజము’ అను రెండు మాటలును సఫేదాకు చక్కగా సరిపోవును. కావున ఆ మాటలు రక్షణకు హామీ కావు.

లేపనముల చరిత్ర

1891లో జర్మను వైద్యుడు హామర్ క్వినైనుతో ఎండలేపనము చేసెను. 1928 ప్రాంతమున అమెరికాలో కృత్రిమ రసాయనములతో చేసినవి అంగడికి వచ్చినవి. 1943లో ‘పాబా’ అను పదార్థమునకు హక్కుపత్రము లభించి, కొన్ని దశాబ్దములు అది మిక్కిలి వాడుకలో నుండెను. కాని పలువురి చర్మమునకు పడక దురదలు కలిగించుటచే 1980ల నుండి వెనుకబడినది. సున్నిత చర్మము గలవారు ఖనిజముల వైపు తిరుగుటకు ఇట్టి అనుభవములు ఒక కారణము.

అమెరికా ఆహార ఔషధ సంస్థ 2019 ఫిబ్రవరిలో 16 పదార్థములను పరిశీలించి నియమముల ముసాయిదా ప్రకటించినది. జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు ఈ రెంటిని మాత్రమే సురక్షితములుగా అంగీకరింపవచ్చుననెను. పాబాతో సహా రెండింటిని కాదనెను. మిగిలిన 12 విషయములో ఆధారములు ఇంకను కావలెననెను. ఆధారములు చాలవనుట హాని కలదనుట కాదు. ఈ భేదమును విద్యార్థులు గుర్తింపవలెను.

అద్దము కాదు

ఖనిజ లేపనము అద్దమువలె కిరణములను వెనుకకు కొట్టునని చాల పుస్తకములలో వ్రాసియున్నది. 2016లో ప్రకటితమైన కొలతల ప్రకారము వెనుకకు మరలునది స్వల్పభాగమే. అధికభాగమును ఖనిజరేణువులే పీల్చుకొనును. జింకు ఆక్సైడు సుమారు 380 నానోమీటర్లకు దిగువ కిరణములను పీల్చును. కావున ‘ఏ’ తరగతిలో చాల భాగమును ఆపును. సన్నని టైటానియం రేణువులు ‘బి’ తరగతిని బాగుగా ఆపును గాని పొడుగు ‘ఏ’ కిరణముల యెడల కొంత బలహీనములు. రెండును కలిసియున్న లేపనము మేలనుటకు కారణమిదే.

పీల్చిన శక్తి ఏదో ఒక రూపమున బయటపడవలెను గదా! 1972లో ఫుజిషిమా, హోండా అను జపాను శాస్త్రజ్ఞులు కాంతి సోకిన టైటానియం డయాక్సైడు నీటిని హైడ్రోజను, ఆమ్లజనిగా విడగొట్టగలదని ప్రకటించిరి. నీటినే చీల్చగల రేణువు చర్మముపై ఊరకుండునా? అందుకనే లేపనములలోని రేణువులకు సిలికా, అల్యూమినా వంటి పొర తొడిగెదరు. (నీటి నుండి హైడ్రోజను తీయు పని, విద్యుత్తు సాయమున, పూడిమడకకే రానున్నది, అచ్చటి హరిత హైడ్రోజను కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది.) సున్నిత చర్మమునకు మేలు చేయునది ఈ మానవకల్పితమైన పొరయే!

ఎన్నుకొను విధము

ఇక అంగడిలో ఏమి చూడవలెను? డబ్బా ముందువైపు బొమ్మలను, ఆకులను కాదు. వెనుకవైపు అక్షరములను చూడవలెను.

రక్షణద్రవ్యములుగా జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు మాత్రమే ఉన్నవో లేదో చూడుడు. అత్తరు కలిసినదానిని విడువుడు. ఖనిజలేపనము రాసి మంట పుట్టినవారికి పలుమారు పడనిది ఖనిజము కాదు, దానితో కలిపిన సువాసనయో, నిలువద్రవ్యమో, ‘సహజ’ తైలమో. నిమ్మరసము సహజమే, కాని అది పూసికొని ఎండలోనికి పోయినచో బొబ్బలు, నల్లమచ్చలు రాగలవు.

‘ఎస్.పి.ఎఫ్.’ అను సూర్యరక్షణ గుణాంకమును చూడుడు. గుణాంకము 15 అయినచో కమలించు కిరణములలో 15వ వంతు, 30 అయినచో 30వ వంతు, 50 అయినచో 50వ వంతు చర్మమును చేరును. అనగా 30 గలది నూటికి సుమారు 97 వంతులను, 50 గలది 98 వంతులను ఆపును. మనకు 30 చాలును. దానికి రెట్టింపు ధర పెట్టనక్కరలేదు. ఐతే ఈ లెక్క చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసినపుడే నిజము. ముఖమునకు, మెడకు కలిపి చూపుడువేలు, నడిమివేలు పొడవున తీసిన రెండు చారలు కావలెను. చెమట పట్టినను, నీటిలో తడిసినను, రెండు గంటలు గడచినను మరల పూయవలెను. గుణాంకము ముఖ్యముగా ‘బి’ తరగతికే కొలత. ‘ఏ’ తరగతికి ‘పి.ఏ.’ ప్రక్కనున్న కూడిక గుర్తులు ఎన్ని ఎక్కువైన అంత మేలు.

ఖనిజలేపనముతో చామనచాయ ముఖము సున్నము పూసినట్లు కనబడును. ఇందుకు ఇనుప ఆక్సైడు కలిపిన లేతరంగు లేపనము మంచి ఉపాయము. భీమునిపట్నపు ఎర్రమట్టి దిబ్బలకు రంగునిచ్చినది ఇనుప ఆక్సైడే. నల్లమచ్చలు గలవారికి కంటికి కనబడు కాంతి నుండి కూడ ఇది కొంత కాపాడును. ఆ తెల్లపూతను చూచి ఇది ముఖమును తెలుపుచేయు మందని భ్రమపడరాదు. ఎండలేపనము రంగును మార్చుటకు కాదు, ఉన్న చర్మమును కాపాడుటకే. పొడిగా చల్లునవి, చిమ్మునవి మానుట మంచిది. ఈ రేణువులు చర్మముపై ఉండవలెను గాని ఊపిరితిత్తులలోనికి పోరాదు.

క్రొత్త లేపనమును మొదట ముంజేతి లోపలివైపు కొద్దిగా పూసి కొన్ని దినములు చూచి, ఎరుపు, దురద రానిచో ముఖమునకు వాడవలెను. వచ్చినచో వైద్యుని చూడవలెను.

లేపనము కొనలేనివారు నిరాశ చెందనక్కరలేదు. మన నీడ మన పొడవు కంటె పొట్టిగా ఉన్నంతసేపు ఈ కిరణములు తీవ్రముగా నుండును. ఆ వేళ గిడుగు, తలపాగా, పమిటచెంగు, చెట్టునీడ మంచి రక్షణనిచ్చును. హోమ్ చేతిని కాపాడినది కూడ ఒక నల్లని బట్టయే గదా! ఉపాధ్యాయులు బడి ఆవరణలో ఒక కర్ర పాతించి, దాని నీడను గంటగంటకు కొలిపింపవచ్చును. ప్రార్థనను, ఆటలను ఏ వేళకు మార్చవలెనో ఆ నీడయే చెప్పును.