వెలుగు విడిచిన దీపస్తంభము

హుస్నాబాదువంటి మెట్టప్రాంతమున బుట్టి పెరిగినవారికి సముద్రము కథలలో వినవచ్చు వస్తువు. కరీంనగరుసీమలో నీరన్నచో చెరువునీరు, కాదేని బావినీరు. నావికుని భయమెట్టిదో, చీకటిలో దూరమున గానవచ్చు నొక్క దీపము వాని కెంతటి ధైర్యమిచ్చునో మనము సులభముగా నూహింపజాలము. అందుచేతనే చెన్నపట్టణమునకు బోయినపుడు హైకోర్టు ఆవరణములోని పాత దీపస్తంభమును మేము కుతూహలముతో జూచితిమి.

ఇది పల్లావరపు కొండరాతితో, గ్రీకుల డోరిక్ స్తంభముల రీతిని గట్టబడినది. ఎత్తు సుమారు 125 అడుగులు. మద్రాసు ఇంజనీర్ల దళమునకు జెందిన కెప్టెన్ స్మిత్తు పర్యవేక్షణమున 1838లో పని యారంభమయ్యెను. 1844 జనవరి 1వ తేదీన దీపము వెలిగెను. ఏబదియేండ్లు నావలకు దారి జూపి, 1894లో ఆ దీపము విశ్రమించెను. స్తంభము మాత్రము నేటికిని నిలిచియున్నది.

చెన్నపట్టణమునకు దీపము కావలసిన కారణము దాని తీరమే. అచ్చట సహజమైన రేవు లేదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున రేవు నిర్మింపబడువరకు నోడలు తీరమునకు దూరముగా లంగరు వేసి నిలువవలసి యుండెను. సరకులును, ప్రయాణికులును మసూలా పడవలలో నలలు దాటి యొడ్డు చేరవలసి యుండెను. 1746 అక్టోబరులో వచ్చిన తుపానునకు, అప్పుడే పట్టణమును బట్టుకొన్న ఫ్రెంచివారి యోడలు పెక్కులు నాశనమయ్యెను. ఇట్టి తీరమున రాత్రివేళ నేల యెటనున్నదో తెలియుట ప్రాణావసరము. అందుకై 1796లో కోటలోని యొక భవనముపై గొబ్బరినూనె దీపము నెత్తిరి. అది చాలకపోగా నీ స్తంభము లేచెను. 1892లో దీని ప్రక్కనే హైకోర్టు భవనము వెలసి, దాని గోపురములు స్తంభమును మించెను. అంతట 1894 జూన్ 1వ తేదీన దీపము సుమారు 175 అడుగుల గోపురమునకు దరలెను. 1977 జనవరి 10వ తేదీన నచ్చటినుండి మెరీనా తీరమున గట్టిన క్రొత్త కట్టడమునకు మారెను.

ఇట్లు దీపము మూడుమారులు తావు మార్చుకొన్నది. "మా పెద్దలిచ్చట వెలిగించిరి గావున నిచ్చటనే వెలుగవలెను" అని యెవ్వరైన బట్టుపట్టి గెలిచియుండినచో నష్టపోవువాడు నావికుడు. అట్లని పాతస్తంభమును గూలద్రోయనును లేదు. స్తంభమునకు గౌరవము దక్కినది. నావికునకు దీపము దక్కినది.

ఈ వివేకము సీమదొరలు దెచ్చిపెట్టినది కాదు. మన ప్రాంతమును ఓరుగంటినుండి యేలిన కాకతి గణపతిదేవుడు 1244వ ప్రాంతమున మోటుపల్లి రేవునందొక యభయశాసనము వేయించెను. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోనిది. గాలివానకు జిక్కి దరికి గొట్టుకొనివచ్చిన యోడలలోని సర్వస్వమును బూర్వరాజులు బలిమిమై గైకొనుచుండిరనియు, తాను దయదలచి నియతమైన సుంకము దక్క దక్కినదంతయు వర్తకులకే విడిచితిననియు నా శాసనము చాటుచున్నది. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. పూర్వాచారమే ప్రమాణమనుకొన్నచో నతడును దోచుకొని యుండవచ్చును. అతడు ఆపన్నుని కష్టమును బ్రమాణముగా గొనెను. ఆ రాజు కట్టించిన దీపస్తంభమును మనమెరుగము. కాని యా శాసనమే పరదేశి నావికునకు దీపమయ్యెను. దానివలన రాజ్యమును జెడలేదు. ఆ శతాబ్దపు చివర మార్కో పోలో సైతము మోటుపల్లిని ముత్ఫిలియను పేర బేర్కొనెను.

మన యిండ్లలో నాచారములను గూర్చి వాదము పుట్టినప్పుడు ఈ రెండును స్మరింపదగినవి. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు బెండ్లి చేయుటను 2006 నాటి చట్టము నిషేధించినను, చదువుచున్న పిల్లను బడి మాన్పించి పెద్దల మర్యాదయని పెండ్లిపీటలపై గూర్చుండబెట్టువారు నేటికిని గలరు. ఆడపిల్లను గాపాడుటకే యీ యాచారమేర్పడినదని వారందురు. అట్లే యగుగాక. కాపాడుటయే పెద్దల యుద్దేశమైనచో, నేడు బాలికను గాపాడునది చదువు, స్వయముగా జీవింపగల శక్తి. ఆ వెలుగును వారికీయక, ఆరిన స్తంభమునకు మాత్రము మ్రొక్కుట పెద్దల మాట పాటించుట కానేరదు. పెద్దలు ప్రేమించినది రాతిని గాదు, దరిజేరవలసిన ప్రాణిని.