ఊరిపేరు – వంటపేరు: భౌగోళిక సూచికల చట్టం, మూడు తెలుగు ఆహారనామాలు

తినే వస్తువుకు ఊరిపేరును ఇంటిపేరులా చేర్చి పిలవడం తెలుగువారికి పరిపాటి. మాడుగుల హల్వా, తాపేశ్వరం కాజా, బందరు లడ్డు ఈ కోవలోనివే. వ్యాకరణరీత్యా ఇవి తత్పురుష సమాసాలు. 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చిన వస్తువుల భౌగోళిక సూచికల (నమోదు, రక్షణ) చట్టం, 1999 దృష్టిలో ఇటువంటి పేర్లు రక్షణార్హమైన సంపద. చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదైన పేరుకు పదేళ్ల రక్షణ లభిస్తుంది. ఆపై దాన్ని పునరుద్ధరించుకోవచ్చు. అయితే ఈ చట్టం కాపాడేది వంటకాన్ని కాదు, దాని పేరును. పేరులో ఊరు వహించే పాత్రను బట్టి రక్షణ స్వభావం ఎలా మారుతుందో మూడు నామాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బందరు లడ్డు

మచిలీపట్నానికి వ్యవహారనామమైన 'బందరు', రేవు అనే అర్థంగల పారశీక పదం నుంచి వచ్చింది. అంటే ఒక సామాన్యనామం ఊరిపేరై, ఆ ఊరిపేరు మిఠాయికి విశేషణమైంది. ఇదే మిఠాయికి 'తొక్కుడు లడ్డు' అనే మరో పేరుంది. శనగపిండితో వేయించిన పూసను దంచి, బెల్లంపాకంతో కలిపి, మళ్లీ రోట్లో తొక్కి ఉండలు కట్టే పద్ధతిని ఆ పేరు సూచిస్తుంది. 2017లో నమోదైనది 'బందరు లడ్డు' అన్న స్థలనామమే. పద్ధతిని తెలిపే పేరు అందరి సొత్తుగా మిగిలింది. మరో ఊరివారు తొక్కుడు లడ్డు చేసి ఆ పేరుతోనే అమ్ముకోవడానికి అడ్డులేదు. రెండు పేర్లుండడం వల్ల ఇక్కడ ఊరి హక్కుకూ ఇతరుల వృత్తికీ ఘర్షణ తగ్గింది.

బంగినపల్లి మామిడి

ఇక్కడ పరిస్థితి వేరు. 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమయ్యేవరకు నవాబుల ఏలుబడిలో ఉన్న బనగానపల్లె పేరే పండుకు వచ్చింది. 'బేనిషాన్' వంటి మారుపేర్లున్నా, జనవ్యవహారంలో 'బంగినపల్లి' అంటే ఊరికన్నా ముందు పండే స్ఫురిస్తుంది. విశేషణం విశేష్యాన్ని మింగి తానే నామమైంది. స్థలార్థాన్ని కోల్పోయి సామాన్యనామంగా స్థిరపడిన పేరును నమోదు చేయరాదని చట్టంలోని 9వ సెక్షను చెబుతుంది. 2017లో ఆంధ్రప్రదేశ్ ఉద్యానశాఖ పొందిన నమోదు బనగానపల్లె, పాణ్యం, నంద్యాల ప్రాంతాలను మూలస్థానంగా చూపుతూనే కోస్తా, రాయలసీమలను, తెలంగాణలోని కొన్ని జిల్లాలను కూడా పరిధిలో చేర్చుకుంది. పదం వెళ్లిన మేరకు హద్దు కూడా జరిగిందన్నమాట. ఊరిపేరు దక్కింది గాని, ఆ పేరుపై ఊరికి ప్రత్యేకాధికారం దక్కలేదు. నమోదులోని 'బనగానపల్లె', వ్యవహారంలోని 'బంగినపల్లి' అన్న రూపభేదం కూడా ఈ దూరానికి గుర్తే.

ఆత్రేయపురం పూతరేకులు

'పూతరేకు' అంటే పూతచేత ఏర్పడిన రేకు. పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను, వేడెక్కిన బోర్లించిన కుండపై ఒక్కసారి లాగితే రేకు తేలుతుంది. ఆ పనితనమంతా పేరులోనే ఉంది. కోనసీమలోని ఆత్రేయపురంలో రేకు తీసేవారు ప్రధానంగా ఇళ్లలోని స్త్రీలు. నెయ్యి, బెల్లం లేదా చక్కెర చేర్చి చుట్టి అమ్మడం అనేకచోట్ల మరొకరి వ్యాపారం. 2023లో తయారీదారుల సంఘం పేరిట నమోదు జరిగింది. దీనితో వంటపేరుకు ఊరిపేరు చట్టబద్ధమైన తోడైంది. కాని రేకు ఒకరిది, దుకాణం వేరొకరిది అయినప్పుడు పేరు తెచ్చే లాభం ఎవరికి చేరుతుందన్నది మిగిలిన ప్రశ్న.

ముగింపు

పద్ధతి పేరు విడిగా ఉన్నచోట చట్టం సులువుగా ఇమిడింది. ఊరిపేరే జాతిపేరైనచోట హద్దు సాగింది. పనితనం పేరులోనే ఉన్నచోట పనిచేసేవారి ప్రసక్తి వచ్చింది. ఈ చివరి అంశానికి చట్టంలోనే ఒక మార్గముంది. రిజిస్టరులోని 'ఎ' భాగంలో పేరు యజమానులు, 'బి' భాగంలో అధీకృత వినియోగదారులు నమోదవుతారు. ఉత్పత్తిదారులెవరైనా 'బి' భాగంలో చేరడానికి దరఖాస్తు చేయవచ్చు. కుండ ముందు కూర్చుని రేకు తీసే స్త్రీలు ఆ భాగంలో చేరినప్పుడే 'పూత' అన్న పూర్వపదానికీ చట్టరక్షణ అందినట్లవుతుంది. ఆహారనామాల నిర్మాణాన్ని, వ్యాప్తిని నమోదు చేసే భాషాపరిశోధన ఇటువంటి దరఖాస్తులకు ఆధారం కాగలదు.