అన్నదమ్ముల వ్యాపారానికి ఎల్‌ఎల్‌పీ: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు తెలుసుకోవాల్సిన వివరాలు

అమెరికాలో ఉన్న బంధువులు ఫోన్‌లో "మేం ఇక్కడ ఎల్‌ఎల్‌సీ పెట్టుకున్నాం, మీరూ పెట్టుకోండి" అంటుంటారు. అక్కడ ఎల్‌ఎల్‌సీ అనేది రాష్ట్ర చట్టం కింద పుట్టేది. 1977లో వ్యోమింగ్ రాష్ట్రం మొదలుపెట్టింది, తర్వాత మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే చట్టాలు చేసుకున్నాయి. మన దేశంలో ఆ పేరుతో ఏ సంస్థా లేదు. దానికి దగ్గరగా ఉండేది ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం. 2008లో పార్లమెంటు చేసిన చట్టం ఇది. తిరుపతిలో పెట్టినా, చిత్తూరులో పెట్టినా, హైదరాబాద్‌లో పెట్టినా చట్టం ఒకటే.

రాష్ట్రం చేతిలో ఏముంది, కేంద్రం చేతిలో ఏముంది, మన ఇంటి వ్యాపారానికి ఏది సరిపోతుంది అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

కేంద్రం పని ఏది, రాష్ట్రం పని ఏది?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో వ్యాపార సంస్థలను నమోదు చేసే అధికారం కేంద్ర జాబితాలో, 43, 44 అంశాల కింద ఉంది. అందుకే కంపెనీ అయినా, ఎల్‌ఎల్‌పీ అయినా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. కాగితాలు చూసి సర్టిఫికెట్ ఇచ్చేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్. ఆ తర్వాత మన ఫైలు విజయవాడలోని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ పరిధిలో ఉంటుంది.

రాష్ట్రం చేతిలో ఉండేవి వేరే. మామూలు భాగస్వామ్య సంస్థ, అంటే ఫర్మ్, రిజిస్ట్రేషన్ మన జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. అగ్రిమెంట్ మీద స్టాంపు డ్యూటీ ఎంతో రాష్ట్రమే చెబుతుంది. షాపు రిజిస్ట్రేషన్ 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖ చూస్తుంది. ట్రేడ్ లైసెన్స్ మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ఇస్తుంది. వృత్తి పన్ను కూడా రాష్ట్రానిదే. కాబట్టి ఎల్‌ఎల్‌పీ సర్టిఫికెట్ చేతికి వచ్చినంత మాత్రాన షట్టర్ తీయడానికి అన్ని అనుమతులూ వచ్చినట్టు కాదు.

మన ఇళ్ళలో ఇది ఎందుకు ముఖ్యం?

తిరుమల కొండ కింద తిరుపతి బజారు యాత్రికుల మీద నడుస్తుంది. ట్రావెల్స్, బట్టలు, ఫ్యాన్సీ సామాన్లు, వెల్డింగ్, బేకరీలు, మటన్ షాపులు, ఇలా ఎన్నో. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు పోతే మామిడి, టమోటా, లారీల పని. వీటిలో చాలావరకు నాన్న మొదలుపెట్టి, కొడుకులు, అల్లుళ్ళు కలిసి నడిపేవే. కాగితం మీద మాత్రం ఒకే పేరు ఉంటుంది. వాటా ఎవరిది ఎంత అనేది నోటి మాటే.

హిందూ కుటుంబాల్లో ఆదాయపు పన్ను చట్టం హిందూ అవిభక్త కుటుంబం అనే దాన్ని గుర్తిస్తుంది, దానికి ప్రత్యేక పాన్ కూడా తీసుకోవచ్చు. ముస్లిం కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. ఇంటిల్లిపాదీ కలిసి కష్టపడినా, చట్టం దృష్టిలో జాయింట్ ఫ్యామిలీ వ్యాపారం అనేది మనకు తనంతట తానుగా ఏర్పడదు. కాగితం మీద ఎవరి పేరు ఉంటే వ్యాపారం వాళ్ళదే అనిపిస్తుంది. మిగతావాళ్ళు తమ కష్టాన్ని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఆ పెద్దాయన పోయిన రోజు నుంచే గొడవ మొదలవుతుంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి అని సూరా బఖరా 282వ ఆయత్ చెబుతుంది. వ్యాపార వాటాల విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి.

మామూలు ఫర్మ్‌తో చిక్కు ఏంటి?

1932 భాగస్వామ్య చట్టం కింద ఫర్మ్ పెట్టుకోవడం తేలిక, ఖర్చు కూడా తక్కువ. కానీ ఫర్మ్ అప్పులకు ప్రతి భాగస్వామి సొంత ఆస్తి కూడా బాధ్యత వహించాలి. ఉదాహరణకు ముగ్గురు కలిసి తలా రెండు లక్షలు వేసి ట్రావెల్స్ పెట్టారనుకోండి. ఒక భాగస్వామి ఫర్మ్ పేరుతో 30 లక్షలు బాకీ చేశాడు. వ్యాపారం మునిగింది. అప్పిచ్చినవాడు ముగ్గురిలో ఎవరి మీదైనా మొత్తం బాకీ కోసం కేసు వేయొచ్చు. డబ్బు ఉన్నవాడు, ఇల్లు ఉన్నవాడు ముందు దొరుకుతాడు. సంతకం చేసినవాడు ఇంకొకడైనా సరే.

రెండో చిక్కు: ఫర్మ్‌ను రిజిస్టర్ చేయకపోతే, 69వ సెక్షన్ ప్రకారం, మనకు రావాల్సిన బాకీ కోసం ఫర్మ్ పేరుతో బయటివాళ్ళ మీద దావా వేయలేం. వాళ్ళు మాత్రం మన మీద వేయొచ్చు. మూడోది: ఇద్దరే భాగస్వాములైతే, ఒకరు చనిపోగానే ఫర్మ్ ఆగిపోతుంది.

ఎల్‌ఎల్‌పీలో ఏం మారుతుంది?

ఎల్‌ఎల్‌పీ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. దాని పేరుతోనే బ్యాంకు ఖాతా, ఆస్తి, కేసు. భాగస్వాములు మారినా, ఒకరు చనిపోయినా అది కొనసాగుతుంది. కంపెనీకి కూడా ఇదే గుణం ఉంది. తిరుపతి పక్కన కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా బ్యాటరీస్ 2023లో పేరు మార్చుకుంది. పేరు మారినా సంస్థ అదే. దాని ఒప్పందాలు, ఆస్తులు, బాకీలు అలాగే ఉంటాయి.

ఎల్‌ఎల్‌పీ చేసిన అప్పు ఎల్‌ఎల్‌పీదే. భాగస్వామి అయినంత మాత్రాన మీ ఇంటి మీదికి రాలేరు. ఒక భాగస్వామి చేసిన తప్పుకు ఇంకో భాగస్వామి సొంతంగా బాధ్యుడు కాడు. కానీ ఈ కవచం ఎక్కడ పనిచేయదో బాగా గుర్తుపెట్టుకోండి:

ఒకటి, బ్యాంకు లోన్‌కు మీరు వ్యక్తిగత గ్యారంటీ సంతకం పెడితే ఆ మేరకు మీరే బాధ్యులు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు తరచూ ఈ సంతకం అడుగుతాయి. ఇల్లాలి పేరున ఉన్న ఇంటిని తాకట్టు పెడితే, ఎల్‌ఎల్‌పీ ఉన్నా ఆ ఇల్లు ప్రమాదంలోనే ఉంటుంది.

రెండు, మోసం చేసే ఉద్దేశంతో నడిపితే 30వ సెక్షన్ కింద బాధ్యతకు హద్దు ఉండదు.

మూడు, మీరు సొంతంగా చేసిన తప్పుకు మీరే బాధ్యులు. బౌన్స్ అయిన చెక్కు మీద సంతకం మీదైతే కేసు మీ మీద కూడా వస్తుంది.

నాలుగు, పాత ఫర్మ్‌ను ఎల్‌ఎల్‌పీగా మార్చుకుంటే, మార్చకముందు చేసిన బాకీలకు పాత భాగస్వాములు సొంతంగా కూడా బాధ్యులే. పాత అప్పులు తప్పించుకునే దారి ఇది కాదు.

బాధ్యతను పరిమితం చేసుకోవడం షరీఅత్ ప్రకారం సరేనా అనే చర్చ ఉలమాల మధ్య జరిగింది. వక్ఫ్, బైతుల్ మాల్ లాంటి వాటిని మనిషి కాని హక్కుదారులుగా చూపిస్తూ ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు, అభ్యంతరం చెప్పినవాళ్ళూ ఉన్నారు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి.

రిజిస్ట్రేషన్ ఎలా జరుగుతుంది?

1. కనీసం ఇద్దరు భాగస్వాములు కావాలి. ఎక్కువమందికి హద్దు లేదు. వీళ్ళలో ఇద్దరు డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు. ఒకరైనా ఆర్థిక సంవత్సరంలో 120 రోజులు భారతదేశంలో ఉన్నవాళ్ళై ఉండాలి. కువైట్‌లోనో సౌదీలోనో ఉన్న తమ్ముడు భాగస్వామి కావచ్చు గానీ, ఇక్కడ ఒకరు తప్పనిసరి. ఆయన పెట్టుబడికి ఫెమా నియమాలు వర్తిస్తాయి కాబట్టి డబ్బు పంపేముందే సీఏను అడగాలి.

2. సంతకం చేసే వాళ్ళకు డిజిటల్ సిగ్నేచర్ తీసుకోవాలి. ఆధార్, పాన్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేలా ముందే సరిచేసుకోండి. మన పేర్లలో షేక్, సయ్యద్, పఠాన్ ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో పొట్టి అక్షరంగా ఉంటాయి. దరఖాస్తు వెనక్కి రావడానికి ఇదే చాలు.

3. పేరు రిజర్వ్ చేసుకోవాలి. ఇప్పటికే ఉన్న సంస్థ పేరుకో, ట్రేడ్‌మార్క్‌కో దగ్గరగా ఉంటే ఒప్పుకోరు. ఒప్పుకున్న పేరు మూడు నెలలు మన కోసం ఉంటుంది.

4. ఫిల్లిప్ అనే ఫారం నింపాలి. రిజిస్టర్డ్ ఆఫీసుగా ఇల్లు చూపించినా పర్వాలేదు. కరెంటు బిల్లు, యజమాని ఒప్పుకుంటున్నట్టు కాగితం కావాలి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అని ఉండొచ్చు. అన్ని చోట్లా ఒకే చిరునామా వచ్చేలా చూసుకోండి.

5. సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో ఎల్‌ఎల్‌పీ అగ్రిమెంట్‌ను స్టాంపు మీద రాసి, ఫారం 3తో దాఖలు చేయాలి.

పెట్టుబడి ఇంత ఉండాలని చట్టం చెప్పదు. పెట్టుబడి లక్ష లోపు ఉంటే ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు, లక్ష దాటి ఐదు లక్షల వరకు 2,000. స్టాంపు, డిజిటల్ సిగ్నేచర్, సీఏ ఫీజు అదనం.

అగ్రిమెంట్‌లో ఏం రాయాలి?

అసలు పని ఇక్కడే. అగ్రిమెంట్ ఏమీ చెప్పకపోతే చట్టంలోని మొదటి షెడ్యూల్ వర్తిస్తుంది. దాని ప్రకారం లాభనష్టాలు అందరికీ సమానం. పది లక్షలు పెట్టిన అన్నకూ, లక్ష పెట్టిన తమ్ముడికీ ఒకే వాటా. అదీగాక, పనిచేసినందుకు ఎవరికీ జీతం రాదు.

కాబట్టి ఎవరు ఎంత పెట్టారు, లాభం ఏ నిష్పత్తిలో, నష్టం ఎలా, షాపులో కూర్చునేవాళ్ళకు నెలకు ఎంత అనేవి స్పష్టంగా రాయండి. ముషారకా పద్ధతి కావాలనుకుంటే లాభం ఒప్పుకున్న నిష్పత్తిలో, నష్టం పెట్టుబడి మేరకు అని రాసుకోవచ్చు. చట్టం అడ్డు చెప్పదు. భాగస్వామి పెట్టుబడి మీద వడ్డీ ఇవ్వడం తప్పనిసరి కాదు, ఆ క్లాజు వద్దంటే మోడల్ అగ్రిమెంట్ నుంచి తీసేయమని చెప్పండి.

ఒకరు చనిపోతే ఏమవుతుందో కూడా రాయాలి. ఎల్‌ఎల్‌పీ ఆగదు. కానీ వారసులు తమంతట తాము భాగస్వాములు కారు. పోయినవాళ్ళ పెట్టుబడి, పోగైన లాభంలో వాటా వాళ్ళకు రావాలి. అది తర్కాలో కలుస్తుంది. ముందు కర్జ్ తీర్చి, వసీయత్ ఉంటే మూడో వంతు లోపు చూసి, మిగిలింది వారసులకు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం. లెక్క ఏ తేదీకి, ఎవరు కట్టాలి, ఎన్ని నెలల్లో డబ్బు ఇవ్వాలి అని అగ్రిమెంట్‌లో ఉంటే ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి బావమరుదుల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు. నామినీ పేరు రాశాం కదా అనుకోవద్దు. కంపెనీ షేర్ల విషయంలో నామినీ సొంతదారు కాదని, వారసత్వ హక్కు నిలుస్తుందని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

కూతుళ్ళను, కోడళ్ళను భాగస్వాములుగా చేర్చడానికి అడ్డేమీ లేదు. మైనర్ పిల్లల్ని మాత్రం ఎల్‌ఎల్‌పీలో చేర్చలేం.

ఏటా చేయాల్సినవి

ఫారం 11 మే 30 లోపు, ఫారం 8 అక్టోబరు 30 లోపు వేయాలి. వ్యాపారం జరగకపోయినా వేయాల్సిందే. ఆలస్యం అయ్యేకొద్దీ ఫీజు రెట్లలో పెరుగుతుంది. టర్నోవర్ 40 లక్షలు గానీ పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితే ఆడిట్ కావాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేరుగా వేయాలి.

పన్ను లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. పన్ను కట్టాక భాగస్వామికి వచ్చే లాభంపై మళ్ళీ పన్ను లేదు. చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద అంచనా లాభం చూపించే పద్ధతి వ్యక్తులకు, మామూలు ఫర్మ్‌లకు ఉంది గానీ ఎల్‌ఎల్‌పీకి లేదు. చిన్న షాపుకు ఇది నిజమైన నష్టం.

జీఎస్టీ హద్దు ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు. వేరే రాష్ట్రానికి పన్ను వర్తించే సరుకు అమ్మితే హద్దుతో పని లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. చెన్నై, బెంగళూరుకు సరుకు పంపే చిత్తూరు వ్యాపారులు ఇది గమనించాలి. తినే పదార్థాల వ్యాపారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. ఉద్యమ్ నమోదు ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు.

ఏది ఎవరికి?

ఒక్కరే నడిపే చిన్న షాపుకు సొంత పేరు, ఉద్యమ్ నమోదు సరిపోతాయి. నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురు, అప్పులు తక్కువ ఉంటే రిజిస్టర్ చేసిన ఫర్మ్ చాలు. బయట అప్పు సరుకు ఎక్కువ తెచ్చేవాళ్ళకు, బండ్లు, కూలీలు ఉన్న పనులకు, తరం మారుతున్న కుటుంబాలకు ఎల్‌ఎల్‌పీ మంచిది. బయటి పెట్టుబడిదారుల్ని తెచ్చుకోవాలంటే ప్రైవేట్ లిమిటెడ్ చూడాలి. దానికి టర్నోవర్ లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు, వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు.

వ్యాపారం ఆపేస్తే ఎల్‌ఎల్‌పీని అలా వదిలేయొద్దు. బాకీలు తీర్చి, పాత ఫారాలు వేసి, ఫారం 24తో మూసేయాలి. ఏది ఎంచుకున్నా వాటాల కాగితం మాత్రం నాన్న ఉండగానే, అందరూ ఒకచోట కూర్చుని, ఆడవాళ్ళకు కూడా చదివి వినిపించి రాసుకోండి.