సి.బెళగల్ ప్రాంతం: వాతావరణ మార్పును తట్టుకునే మార్గాలు

సి.బెళగల్ కర్నూలు జిల్లా పడమటి భాగంలో, తుంగభద్ర కుడి ఒడ్డు మండలానికి కేంద్రం. నదికి అవతల తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా. ఇవతల ఎమ్మిగనూరు, కోడుమూరు, గూడూరు మండలాలు. ఇంకా పడమరకు పోతే ఆదోని, కోసిగి, ఆపైన కర్ణాటక. గుండ్రేవుల, పోలకల్, కంబదహాల్, ఈర్లదిన్నె ఈ మండలంలోని ఊళ్లు. నది పక్కనే పారుతున్నా ఇక్కడి పొలాల్లో ఎక్కువ భాగం వానమీదే ఆధారపడతాయి. వాతావరణ మార్పుకు ఈ ప్రాంతంలో ఏ పరిష్కారం చెప్పినా ఈ సంగతి దగ్గరే మొదలుపెట్టాలి.

వాతావరణ మార్పును ఎదుర్కోవడంలో రెండు పనులు ఉంటాయి. వేడికి కారణమవుతున్న వాయువులను తగ్గించడం ఒకటి, వచ్చిపడుతున్న ఫలితాలను తట్టుకునేలా సేద్యాన్ని, ఇంటిని, నీటి వాడకాన్ని మార్చుకోవడం రెండోది. 1850–1900 నాటితో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ లెక్కగట్టింది. జొన్న, కంది, పత్తి పండించుకునే మెట్ట రైతుకు ఆ పెరుగుదలలో ఉన్న వాటా అతి స్వల్పం. అందుకే ఇక్కడ బరువంతా రెండో పని మీదే ఉంటుంది.

వాన, నేల

పడమటి కనుమల వానచాటున ఉండటం వల్ల ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసేది 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వ్యవసాయ శాస్త్రవేత్తలు కర్నూలు, అనంతపురం ప్రాంతాలను కలిపి అల్ప వర్షపాత మండలంగా గుర్తించారు. ముంగారు పంటకు జూన్ నుంచి కురిసే వానలు, హింగారు పంటకు సెప్టెంబరు, అక్టోబరు వానలు ఆధారం. మొత్తం వాన తగ్గడం కన్నా అది కురిసే తీరు చెడటమే రైతును ఎక్కువగా దెబ్బతీస్తోంది. విత్తనం పడ్డాక నెల రోజులు చినుకు ఉండదు, కోతకొచ్చిన ఉల్లి మీద ఒక్క రాత్రిలో నెల వాన కురుస్తుంది. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అత్యంత పొడి ఆగస్టు. ఆ ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 103 కరువు మండలాల్లో ఎక్కువ రాయలసీమవే.

నేల రెండు రకాలు. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, తడిస్తే కాలు పెట్టనివ్వదు, ఎండితే నెర్రెలిస్తుంది. ఎర్రనేల నాలుగు చినుకులకే పదునెక్కి, పది రోజుల ఎండకే ఆరిపోతుంది. ఒక నేలకు పనికొచ్చిన ఉపాయం గట్టు దాటితే రెండోదానికి పనికిరాకపోవచ్చు. పథకాలు రాసేవాళ్లు తరచు మరిచేది ఈ తేడానే.

కరువూ వరదా ఒకే నది ఒడ్డున

1876–78 నాటి మహా కరువు ఈ సీమను, అప్పటి పేరుతో దత్త మండలాలను, ఊడ్చిపెట్టింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. కరువుకు కొన్నేళ్ల ముందే మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వింది. పడవల రవాణాకూ సేద్యానికీ కలిపి తలపెట్టిన ఆ కర్నూలు–కడప కాలువ కంపెనీకి లాభం తేలేదు. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. సుంకేసుల సి.బెళగల్‌కు దిగువన ఉంది కనుక కాలువ నీళ్లు తూర్పుకు పోయాయి, ఈ ఊళ్ల పైపొలాలకు ఎక్కలేదు.

2009 అక్టోబరు మొదటి వారంలో అదే నది ఎదురు తిరిగింది. ఎగువన కుంభవృష్టి పడి మంత్రాలయం మునిగింది, కర్నూలు నగరం మునిగింది, శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ ఆనకట్ట స్పిల్‌వే తట్టుకోగలదని లెక్కవేసింది 19 లక్షలే. ఏటిగట్టు ఊళ్లలో మట్టిమిద్దెలు కూలిపోయాయి. కరువు మండలంగానే పేరున్న చోట వరద కోసం సిద్ధంగా ఉండాలని అంతకుముందు ఎవరూ పెద్దగా తలచలేదు. ఇప్పుడు ఒడ్డు ఊళ్లకు కావలసినవి మెట్టన ఇళ్ల స్థలాలు, ఎగువ డ్యాం విడుదల చేసే నీటి సమాచారం వేళకు అందడం, నదిలో ఇసుక తవ్వకాల మీద అదుపు. ఇసుక తవ్విన కొద్దీ నది అడుగు దిగి, ఒడ్డు బావుల్లో నీళ్లు కిందికి పోతాయి, వరదలో గట్టు కోత పెరుగుతుంది. ఈ మండలం ఇసుక రీచ్‌లకు పేరు పడింది, అది గర్వించే పేరు మాత్రం కాదు.

కాగితం మీది నీళ్లు

పడమటి కర్నూలుకు ప్రధాన కాలువ తుంగభద్ర దిగువ కాలువ, జనం మాటలో ఎల్లెల్సీ. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాం మొదట 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు వచ్చింది. ఎల్లెల్సీలో ఆంధ్రకు 24 టీఎంసీల వాటా ఉంది. కాలువ ఎక్కువ దూరం కర్ణాటకలో పారి ఇటు వచ్చేసరికి, చివరన ఉన్న కోడుమూరు, గూడూరు వైపు భూములకు చేరేది వాటా కన్నా చాలా తక్కువ. ఆదోని పట్టణం తాగేది కూడా ఈ కాలువతో నింపే బసాపురం వేసవి నిల్వ చెరువు నీళ్లే. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు పదుల టీఎంసీలు నదిపాలయ్యాయి. ఇంజనీరు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించి మిగిలిన నీళ్లు కాపాడారు. డెబ్బై ఏళ్ల నాటి గొలుసులను మార్చుకోవడం కూడా వాతావరణ మార్పుకు సిద్ధపడటమేనని ఆ వారం తేల్చింది.

సుంకేసులకు ఎగువన సి.బెళగల్ మండలంలోనే గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల జలాశయం కట్టాలన్నది ఏళ్లుగా ఉన్న ప్రతిపాదన. సుంకేసుల బ్యారేజీ పట్టేది 1.2 టీఎంసీలే కాబట్టి, వరద రోజుల్లో దిగువకు పోయే నీటిని ఆపాలంటే పైన నిల్వ ఉండాలన్నది దాని తర్కం. 2019లో పాలనా అనుమతి వచ్చింది, కట్టడం మాత్రం రాలేదు. రెండు ఒడ్లా ముంపు ఉంది గనుక పక్క రాష్ట్రాల ఒప్పుకోలు తప్పదు. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట కుడి కాలువ సంగతీ అంతే: కృష్ణా జలాల వివాదం విన్న బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 4 టీఎంసీలు కేటాయించింది, పొలానికి చేరలేదు. నది నుంచి నీటిని పైకెత్తే గురురాఘవేంద్ర ఎత్తిపోతల పథకాలు కొన్ని ఊళ్లకు అక్కరకొచ్చాయి. మోటార్ల మరమ్మతుకు డబ్బు లేని ఏడాది అవీ నిలిచిపోతాయి. పెద్ద ప్రాజెక్టులు అక్కర్లేదని కాదు, అవి వచ్చేదాకా పొలం ఆగదు.

కురిసిన చోటే ఆపడం

1930ల్లో బళ్లారి దగ్గర హగరిలో మెట్టసేద్యం మీద ప్రయోగాలు చేసిన నాటి నుంచీ, 1954లో బళ్లారిలో నేల–నీటి పరిరక్షణ పరిశోధన కేంద్రం పెట్టిన తర్వాతా నల్లరేగడికి శాస్త్రవేత్తలు చెప్తున్న మాట ఒకటే: వాలుకు అడ్డంగా దున్నండి, పొలాన్ని చిన్న చిన్న మడులుగా గట్లు కట్టి హింగారు వానను పొలంలోనే ఇంకనివ్వండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఖాళీగా ఉండే రేగడిలో ఇలా మడులు కడితే, అక్టోబరులో వేసే జొన్నకూ శనగకూ అదనపు తడి దొరుకుతుంది. ఖర్చు తక్కువ. కౌలుకు చేసేవాడికి మాత్రం ఇది ఎక్కదు, ఈ ఏడు కట్టిన గట్టు వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు మరి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కింద కందకాలు, చెక్‌డ్యాములు, ఫారంపాండ్లు రాయలసీమంతా తవ్వారు. రేగడిలో తవ్విన ఫారంపాండ్ నీటిని నిలుపుతుంది, వానల మధ్య ఎండు రోజుల్లో ఒక ప్రాణతడికి సరిపోతుంది. ఎర్రనేలలో అది ఇంకుడుగుంటే అవుతుంది, పక్క బోరుకు మేలు, తవ్వించుకున్నవాడికి తడి దక్కదు. లక్ష్యం నింపడానికి ఎక్కడపడితే అక్కడ తవ్వినవి ఇప్పుడు ముళ్లచెట్లు పెంచుతున్నాయి.

బోర్ల సంగతిలో కర్నూలు జిల్లా భాగం పంచుకున్న ఒక ప్రయోగం ప్రపంచం చూసింది. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ‘రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల యాజమాన్యం’ ప్రాజెక్టు నడిచింది. ఏ రైతునూ బోరు మానమని చెప్పలేదు, సబ్సిడీలూ ఇవ్వలేదు. ఊళ్లోనే వానకొలత పరికరం పెట్టి, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని రైతులే కొలిచి రాసేవారు. రబీ మొదట్లో అందరూ కూర్చుని, ముంగారులో ఎంత కురిసింది, ఎంత ఇంకింది, ఎంత తోడారు, తలపెట్టిన పంటలకు ఎంత కావాలి అని ఊరి నీటి లెక్క వేసేవారు. లోటు కనబడితే వరి మాని శనగో ధనియాలో వేయాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. ఆజ్ఞ లేకపోయినా చాలా ఊళ్లలో వరి తగ్గింది. 2002 నాటి నీరు–భూమి–చెట్టు చట్టం బోర్లకు అనుమతి తప్పనిసరి చేసి సాధించలేనిదాన్ని, అందరి ఎదుట వేసిన లెక్క కొంత సాధించింది. 2003 నవంబరులో మొదలైన రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం కింద డ్రిప్పు పరికరాలు విరివిగా వచ్చాయి. ఊరి లెక్క లేని చోట డ్రిప్పుతో మిగిలిన నీటిని ఇంకో ఎకరానికి పారించుకున్నారే తప్ప నేలలో ఉంచలేదు.

పంటల పొందిక

ఈ ప్రాంతపు పాత తెలివి కొర్రలో కంది. గొర్రుతో అయిదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. కొర్ర మూడు నెలల లోపే, సెప్టెంబరుకల్లా చేతికొస్తుంది. అప్పటిదాకా కొర్ర చాటున చిన్నగా ఉన్న కంది, కోత తర్వాత గాలీ వెలుతురూ దొరికి, ఉత్తర, హస్త కార్తెల వానలతో విస్తరిస్తుంది. ముందు వాన తప్పితే కంది మిగులుతుంది, వెనక వాన తప్పితే కొర్ర ఇంట్లో ఉంటుంది. రెండూ పోయిన ఏడాదీ కొర్ర గడ్డి పశువులకు మిగులుతుంది. పత్తి వచ్చి ఈ పొందికను మింగేసింది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, ఎస్ఐఏ 3085 వంటి కొర్ర రకాలను ఇచ్చినా, ఆదోని మార్కెట్లో పత్తికి ఉన్న కొనుగోలు బలం కొర్రకు లేదు. విత్తనం ఇచ్చి కొనుగోలు మరిచిన పథకం సగం పథకమే.

హింగారు శనగ ఇంకో కథ. 1999లో విడుదలైన జేజీ 11 రకం వంద రోజుల లోపు కోతకొచ్చి, ఎండుతెగులును తట్టుకుని, కర్నూలు, ప్రకాశం రేగడి నేలల్ని శనగ నేలలుగా మార్చింది. నీళ్లు పెట్టక్కర్లేదు, మంచు కాలపు చల్లదనం చాలు. ఇప్పుడు ఆ చల్లదనమే తగ్గుతోంది. పూత దశలో వేడి పెరిగితే కాయ నిలవదు. వేడిని కొంత తట్టుకునే నంద్యాల శనగ 1, యంత్రంతో కోతకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 ఈ అవసరం నుంచి పుట్టినవే. ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం కొత్త రకాలను రైతుల పొలాల్లో చూపించే చోటు.

2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం ఇటీవలి పెద్ద ప్రయత్నం. 2024లో దీనికి గుల్బెంకియన్ బహుమతి, ఈజిప్టుకు చెందిన సెకెమ్‌తోనూ నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ కలిపి దక్కింది. ఇందులో మెట్ట రైతుకు నేరుగా పనికొచ్చేది వానలకు ముందే పొడి దుక్కిలో విత్తడం. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, పెసర, ఉలవ, ఆముదం, నువ్వు, గోంగూర, ధనియాలు ఇలా పది పదిహేను రకాలకు పైగా విత్తనాలు కలుపుతారు. పేడ, ఆవుపంచితం, సున్నం కలిపిన బీజామృతం చల్లి, చేటలో పోసి, పొడి బంకమట్టి, పేడతో చేసి మెత్తగా జల్లించిన ఘనజీవామృతం, బూడిద పొరలు పొరలుగా వేస్తూ ఊపుతారు. గింజ చుట్టూ మట్టి పట్టి చిన్న గుళిక అవుతుంది. చీమలూ పిట్టలూ ముట్టవు, రాలీ రాలని చినుకుకు మొలిచి మాడిపోదు, గట్టి పదును పడ్డాకే మొలుస్తుంది. ప్రధాన పంట వేసేలోగా ఆ పచ్చదనాన్ని పశువులకు మేపుతారు, మిగిలింది నేలకు కప్పుతారు. నేల ఎండకు మాడదు, వాన దెబ్బకు కొట్టుకుపోదు. గాలిలోని తేమనే నేల పీల్చి పంట పండిస్తుందన్న ప్రచారం మాత్రం అతిగా ఉంది, అది లేకపోయినా పద్ధతి విలువ తగ్గదు. అసలు అడ్డంకి పేడ. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చిన ఊళ్లో ఘనజీవామృతానికి పశువు ఎవరింట్లో ఉంది?

ఎండ, ఇల్లు, వలస

2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బయట పనిచేసేవాళ్లు. కూలి పనిని తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకల్లా ముగించడం అన్నిటికన్నా చవకైన రక్షణ. రాతి గోడలు, చవుడు కప్పు ఉన్న పాత మిద్దెలు ఎండాకాలం చల్లగా ఉంటాయి, ముసురు వానకు కురుస్తాయి, వరదకు కూలతాయి. వాటి స్థానంలో వచ్చిన రేకుల ఇళ్లు మే నెలలో కాలిపోతాయి. కప్పుకు తెల్ల సున్నం కొడితే లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది, ఎండలో ఏమాత్రం తీసిపోని కర్నూలుకు కూడా అది కావాలి.

పంట పోయిన ఏడాది జనం సుగ్గికి పోతారు. కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతకు, పత్తి తీతకు తరలిపోతాయి. పిల్లల బడి ఆగకుండా సీజనల్ హాస్టళ్లు నడిపారు. వాటిని తెరిచే తేదీ లారీలు కదిలే తేదీ కన్నా వెనకబడితే ఆ పిల్లలు హాస్టల్లో ఉండరు, మిరప చేలో ఉంటారు.

వాయువుల తగ్గింపు

పాత కర్నూలు జిల్లా ఈ పనిలో ముందే ఉంది. ఓర్వకల్లు మండలం శకునాల, గడివేముల మండలం గని దగ్గర 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. పాణ్యం మండలం పిన్నాపురంలో సౌర, పవన విద్యుత్తును నీటి రూపంలో నిల్వ చేసే 1,680 మెగావాట్ల పథకం వచ్చింది. పడమటి మెట్టల మీద గాలిమరలు కనబడుతూనే ఉంటాయి. ఆ కరెంటు గ్రిడ్డులో కలిసి ఎక్కడికో పోతుంది, భూమి ఇచ్చిన ఊరికి మిగిలేవి కాపలా ఉద్యోగాలు. బోరు మోటార్లకు సౌర విద్యుత్తు ఇస్తే బొగ్గు మిగులుతుంది కానీ, పగలంతా ఉచితంగా నడిచే మోటారు నీటిమట్టాన్ని ఇంకా కిందికి తోడేస్తుంది. పైన చెప్పిన నీటి లెక్క అక్కడ ముందు కుదరాలి.

ఎల్లెల్సీ కింద వరి వేసే రైతులు పొలాన్ని ఎప్పుడూ నింపి ఉంచకుండా ఆరనిచ్చి తడిపితే, నీళ్లు పావు వంతు దాకా మిగిలి, మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది. యూరియా తగ్గితే నైట్రస్ ఆక్సైడ్ తగ్గుతుంది, ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 270 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. పత్తి కట్టెను తగలబెట్టకుండా ముక్కలు చేసి దున్నేయడం గులాబీ రంగు పురుగును తగ్గించడానికీ పనికొస్తుంది. కట్టెను ముక్కలు చేసే యంత్రం ప్రతి ఊళ్లో అద్దెకు దొరికేలా చేయడం, పై పథకాలన్నిటిలోకీ తొందరగా అయ్యే పని.