సిరలోని సూదికి కావలి: రాయవేలూరు, గుడియాత్తము సీమలో నర్సింగు విద్య

వైద్యచరిత్రమున వైద్యుల పేరులు నిలిచినట్లు పరిచారికల పనులు నిలువలేదు. సిరలోనికి మందు నెక్కించు పద్ధతి యిందులకు నిదర్శనము. సూది గ్రుచ్చుట నిమిషముల పని. గ్రుచ్చిన చోటును కాచుట దినములు సాగు పని. ఈ రెండవ పని విద్యగా పరిణమించిన తీరును రాయవేలూరు చరిత్రమున చూడవచ్చును.

1832లో కలరా ప్రబలినపుడు స్కాట్లండులోని లీత్ పట్టణ వైద్యుడు థామస్ లాట్టా రోగుల సిరలలోనికి ఉప్పునీటిని ఎక్కించెను. చాల కాలము లోహపు సూదియే సాధనము. చేయి కదలినచో సిర చిరిగి ద్రవము కండలోనికి జారెడిది. 1950లో అమెరికాలో డేవిడ్ మాసా ప్లాస్టిక్ గొట్టముగల సూదిని రూపొందించెను. మెత్తని గొట్టము సిరలో దినములతరబడి నిలిచెను. మేలుతోపాటు కీడును వచ్చెను: గొట్టము నిలిచినకొలది సిర వాచుటకును, క్రిములు చేరుటకును అవకాశము హెచ్చెను. కావున కావలి యవసరమయ్యెను.

ఆ కావలికి తగినవారిని తీర్చు ప్రయత్నము రాయవేలూరిలో అంతకు ముందే మొదలైనది. 1870లో రాణిపేటలో జన్మించిన డాక్టరు ఐడా స్కడ్డరు 1900లో ఇచట వైద్యమారంభించి, 1902లో షెల్ ఆసుపత్రిని తెరచెను. పడమటనున్న గుడియాత్తమునకు పోవుచు దారి ప్రక్కనే రోగులను చూచుచుండెను. ఒక్క వైద్యురాలు ఇన్ని చోట్ల నుండజాలదు. కనుక 1909లో నర్సుల శిక్షణ మొదలయ్యెను. 1946లో అది మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టమునిచ్చు కళాశాల స్థాయి నందెను.

నర్సు నేర్వవలసిన వివేకము సూక్ష్మమైనది. సిర వెంబడి ఎరుపును నొప్పియు గలిగి, సిర త్రాడువలె గట్టిపడినచో అది సిరవాపు: ద్రవమునాపి, గొట్టము తీసి, చేతిని ఎత్తుగా నుంచి కాపడము పెట్టవలెను. చోటు చల్లగా పాలిపోయి ఉబ్బినచో ద్రవము వెలికి జారినదని గ్రహింపవలెను. జారినది కణజాలమును కాల్చు మందైనచో గొట్టమును వెంటనే లాగరాదు. మందునాపి, గొట్టములో మిగిలినదానిని పిచికారితో వెనుకకు తీసి, వైద్యునకు తెలుపవలెను. పిదప వేడియా, చలువయా అనునది మందును బట్టి యుండును. 1998లో ఇంగ్లండునందు ఆండ్రూ జాక్సన్ ఈ చిహ్నములను 0 నుండి 5 వరకు అంకెలలో కూర్చెను. 2 వచ్చినచో గొట్టము మార్చవలెను.

అయితే ఎరుపుకంటె ముందు వచ్చునది తరచుగా నొప్పి. దానిని చెప్పవలసినవాడు రోగి. 1911 వరకు చిత్తూరు, పలమనేరు సీమలు ఉత్తరార్కాడు జిల్లాలోనివే. జిల్లా వేరైనను చిత్తూరు సీమ ప్రజలు చికిత్సకై రాయవేలూరునకు వచ్చుట మానలేదు. తెలుగువాడు మంట, పోటు, సలుపు, తిమ్మిరి అని వేర్వేరుగ చెప్పును. మందెక్కుచుండగా మంట యన్నచో అది జారుచుండవచ్చును. తిమ్మిరి యన్నచో నరము నొక్కుకొనియుండవచ్చును. అన్నింటిని నొప్పి యని వ్రాసికొన్న నర్సు హెచ్చరికను కోల్పోవును. గుడియాత్తము చేనేతకు పేరొందినది. మగ్గమునాడించు చేతిలో మందు జారి కండ చెడినచో రోగము కుదిరినను జీవనము కుంటుపడును.

కావున ఈ సీమలో రోగి పలుకును గుర్తెరుగుట నర్సునకు మర్యాద మాత్రమే కాదు; అదియు చికిత్సలో భాగమే.